నిపా పాఠం పిల్లల చేతికి ఎలా ఎక్కించాలి?

పల్నాడు_ట్యూటర్ · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. వచ్చే వారం జీఎన్‌ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) రెండో ఏడాది పిల్లలకు నిపా వైరస్ జబ్బు మీద క్లాసు తీసుకోవాలి. గంటన్నర థియరీ, మర్నాడు రెండు గంటలు స్కిల్ ల్యాబ్. మొత్తం 38 మంది. మీ అందరి సలహా కావాలి.

నిరుడు ఈ పాఠం బాగానే చెప్పాననుకున్నాను. వైరస్ ఏ కుటుంబానిది, 1998లో మలేషియా పందుల ఫారాల్లో ఎలా బయటపడింది, పండ్లు తినే గబ్బిలాలు, సోకిన 4 నుంచి 14 రోజుల్లో లక్షణాలు, అన్నీ బోర్డు మీద రాశాను. పరీక్షలో వాళ్లూ చక్కగా రాశారు. పదికి ఎనిమిది, తొమ్మిది మార్కులు వచ్చాయి.

నెల తిరక్కుండా వాళ్లలోనే ఒక అమ్మాయిని క్యాజువాలిటీ పోస్టింగులో చూశాను. జ్వరం, దగ్గుతో ఒక పెద్దాయన వచ్చాడు. మనిషి మత్తుగా తూలుతున్నాడు, భార్య నడుం పట్టుకుని నిలబెట్టింది. మా అమ్మాయి మాస్కు గడ్డం కిందికి లాక్కుని, ఆయన మూతి దగ్గరికి వంగి, "తాతా, వినపడుతోందా?" అంటూ థర్మామీటర్ పెట్టింది. ఎక్కణ్ణుంచి వచ్చారు, ఇంట్లో ఇంకెవరికైనా జ్వరం ఉందా అని ఒక్క మాట అడగలేదు. ఆయనది మామూలు న్యుమోనియా, తగ్గి ఇంటికి వెళ్లాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పిల్లకి పదికి తొమ్మిది వేసింది నేనే.

ఈసారి పాఠం నోట్‌బుక్‌లో ఆగిపోకూడదు. ఎలా చెప్పమంటారు?

కరీంనగర్_పెద్దక్క · సోమవారం రాత్రి 10:05

బిడ్డా, మంచి మాట అడిగినవ్. నిపా నేను చూడలే. పేరు తెల్వని జబ్బు ఎట్లుంటదో మాత్రం చూసిన. 2003ల పిల్లల వార్డుల డ్యూటీ నాది. ఎండకాలం పోయి వానలు పడే యాళ్లకు పిల్లగాండ్లను ఎత్తుకొచ్చుడు మొదలైంది. పొద్దుగాల ఆడుకున్న పోరనికి పగటీలి జ్వరం, వాంతులు, తర్వాత ఫిట్స్. తెల్లారేసరికి మంచం ఖాళీ. పేపర్లల్ల మెదడువాపు అని రాసిన్రు. మేమందరం జపనీస్ మెదడువాపే అనుకున్నం. పుణె వైరాలజీ సంస్థోళ్లు రక్తం తీస్కపోయి చూస్తే చాందీపుర వైరస్ అని తేలింది. నాగ్‌పూర్ దిక్కు ఒక ఊరి పేరట అది. ఆ ఏడు మన ఉమ్మడి రాష్ట్రంల 329 మంది పిల్లలకొస్తే 183 మంది పోయిన్రు.

నాకు ఇప్పటికీ కండ్లల్ల మెదిలేది ఒకటే. కేస్ షీట్ల డయాగ్నసిస్ రాసే కాడ డాక్టరు సారు ప్రశ్న గుర్తు పెట్టేటోడు. ఒక షీట్ కాదు, వరుసగ ఆరేడు షీట్లు. ఆ ప్రశ్న గుర్తు ఉన్నన్ని దినాలు కూడ సెలైన్ పెట్టింది మేమే, వాంతి తుడిచింది మేమే, ఫిట్స్ వస్తే ఒక పక్కకు తిప్పి పట్టుకున్నది మేమే. అది ఒకరి నుంచి ఒకరికి అంటే జబ్బు కాదు గనుక బతికినం. నిపా లెక్క అంటేదయితే మా వార్డుల ఎవరు మిగిలేటోళ్లో చెప్పలేను.

నా మాటేందంటే, నిపా అని పేరు చెప్పి పాఠం మొదలువెట్టకు. ప్రశ్న గుర్తు ఉన్న కేస్ షీట్‌తోని మొదలువెట్టు.

ఎమ్మెస్సీ_కమ్యూనిటీ_విశాఖ · సోమవారం రాత్రి 11:20

పెద్దక్కగారి మాటకు తోడుగా సిలిగురి సంగతి చెప్పండి మేడం. దాన్ని మన క్లాసుల్లో చాలామంది ఒక్క లైనులో దాటేస్తారు. 2001 జనవరి, ఫిబ్రవరి నెలల్లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో 66 మందికి జ్వరం, మెదడువాపు వచ్చాయి. 45 మంది పోయారు. సోకినవాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి ఆసుపత్రితో సంబంధం ఉంది. అంటే అక్కడ పనిచేసేవాళ్లో, వేరే పని మీద చేరిన రోగులో, చూడ్డానికి వచ్చిన బంధువులో. అప్పుడు దానికి పేరు లేదు. దాచి ఉంచిన శాంపిళ్లను మళ్లీ పరీక్షించి, అది నిపా అని 2006లో ప్రచురించారు. చనిపోయిన ఐదేళ్లకు జబ్బు పేరు తెలిసింది.

2018 మేలో కేరళలోని కోళికోడ్ కూడా అంతే. మొదటి రోగికి నిపా ఎలా సోకిందో సరే, ఆ తర్వాత ఎక్కువమందికి సోకింది ఆసుపత్రి ఆవరణలోనే. స్కానింగ్ కోసం వరండాలో వేచి ఉన్నవాళ్లకు, పక్క మంచం వాళ్లకు, తోడు వచ్చినవాళ్లకు. ఆ వరండా బొమ్మ బోర్డు మీద గీయండి. బెంచీ ఎక్కడ, స్ట్రెచర్ ఎక్కడ, దగ్గుతున్న మనిషి ఎక్కడ. వైరస్ బొమ్మ కంటే ఆ వరండా బొమ్మే మన పిల్లలకు ఎక్కువ పనికొస్తుంది. రేపు వాళ్లు నిలబడేది అక్కడే.

ఇంకో సంగతి. ల్యాబులో నిర్ధారించిన 18 మందిలో 16 మంది చనిపోయారు, ఇద్దరు బతికారు. ఆ ఇద్దరిలో ఒకరు నర్సింగ్ విద్యార్థిని. క్లినికల్ శిక్షణలో ఉండగా సోకింది ఆ అమ్మాయికి. ఇది చెప్పినప్పుడు నా క్లాసులో వెనక బెంచీలు కూడా నిశ్శబ్దమయ్యాయి.

ఐసీయూ_హైదరాబాద్ · మంగళవారం ఉదయం 6:40

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను. 2018లో మా యూనిట్‌లో సగం మంది మలయాళీ సిస్టర్లే. మే 21 తెల్లవారుజామున కోళికోడ్ జిల్లా పేరాంబ్ర తాలూకా ఆసుపత్రి నర్సు లినీ పుతుస్సేరి చనిపోయింది. ఆ వార్త వచ్చినప్పుడు మేం హ్యాండోవర్‌లో ఉన్నాం. మొదటి రోగికి సేవ చేసిన నర్సు ఆమె. ఆయన దగ్గర నిలబడ్డప్పుడు అది నిపా అని ఆమెకే కాదు, ఎవరికీ తెలియదు. మే 20న గానీ పుణె నుంచి నిర్ధారణ రాలేదు.

బహ్రెయిన్‌లో ఉన్న భర్తకు ఆమె ఐసీయూ నుంచి రాసిన చీటీ ఫోటో మా ఫోన్లలోకి వచ్చింది. నా పక్కన ఉన్న సిస్టర్ మలయాళంలో చదివి ఒక్కో వాక్యం మాకు తెలుగులో చెప్పింది. ఇక నిన్ను చూస్తానని అనుకోవడం లేదు, పిల్లల్ని బాగా చూసుకో అని ఉంది. మధ్యలో ఆమె గొంతు పూడుకుపోయింది. ఫోను నా చేతికిచ్చి వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. ఎంతసేపు కడుక్కుందో. ఆ చేతులు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

నేను క్లాసులు చెప్పను మేడం, బెడ్‌సైడ్ మనిషిని. కానీ మీ పాఠంలో లినీ పేరు లేకపోతే ఆ పాఠం పూర్తికాదని నా నమ్మకం.

వైస్‌ప్రిన్సిపల్_గోదావరి · మంగళవారం ఉదయం 9:15

ఐసీయూ సిస్టర్ బాధ అర్థమైంది. అయినా నాదొక అభ్యంతరం. రెండో ఏడాది అంటే పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లలు. చాలామంది పల్లెల నుంచి, మొదటిసారి హాస్టల్లో ఉంటున్నవాళ్లు. లినీ కథ చెప్పిన ఒక ట్యూటర్ క్లాసు తర్వాత, ముగ్గురు తల్లిదండ్రులు ఫోన్ చేసి "మా అమ్మాయిని చంపడానికా చేర్చింది" అన్నారు. ఒక పిల్ల పోస్టింగుకు రానని ఏడ్చింది. భయపడ్డ చెయ్యి వణుకుతుంది, వణికే చేతికి సూది గుచ్చుకుంటుంది. భయంతో కాదు, అలవాటుతో నేర్పాలి.

ఐసీయూ_హైదరాబాద్ · మంగళవారం మధ్యాహ్నం 3:30

మేడం, భయపెట్టమని అనలేదు. చెప్పే తీరులో ఉంది. "లినీ జాగ్రత్త పడలేదు, అందుకే పోయింది" అన్నట్టు చెబితే అది ఆమెకు అన్యాయం, పిల్లలకు అబద్ధం. ఆమె తన పని తాను సరిగ్గా చేసింది. ఆమె ఒంటి మీద ఉండాల్సిన రక్షణ ఆ రోజు అక్కడ లేదు, ఎందుకంటే జబ్బు పేరు తెలిస్తే తప్ప రక్షణ వేసుకునే అలవాటు మన ఆసుపత్రులకు లేదు. ఆ మాట స్పష్టంగా చెప్పాలి.

ఎమ్మెస్సీ_కమ్యూనిటీ_విశాఖ · మంగళవారం సాయంత్రం 5:02

వైస్ ప్రిన్సిపల్ గారూ, మీ మాట కూడా కొట్టిపారేయలేను. నేను చేసేది ఏమిటంటే, ఆ కథను క్లాసు మొదట్లోనూ చివర్లోనూ పెట్టను. నడుమ పెడతాను, వెంటనే లేచి చేతులతో చేసే పని ఇస్తాను. విన్నది లోపల గడ్డకట్టేలోపు చెయ్యి కదలాలి. ఇంకొకటి, ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చెబుతాను. కోళికోడ్‌లో రెండో మనిషి ప్రైవేటు ఆసుపత్రికి వచ్చినప్పుడు, అదే ఇంట్లో కొద్ది రోజుల కిందటే ఒకరు ఇలాగే పోయారన్న విషయం డాక్టర్లు పట్టుకున్నారు. శాంపిల్ వెంటనే మణిపాల్ ల్యాబుకు వెళ్లింది. సిలిగురిలో ఐదేళ్లు పట్టిన పేరు ఇక్కడ రోజుల్లో తేలింది. ఆ తర్వాత కేరళలో 2019లో ఎర్ణాకుళంలో ఒక్క కేసుతోనే ఆగింది, ఆ విద్యార్థి బతికాడు. 2023లో కోళికోడ్‌లో ఆరుగురికి వస్తే ఇద్దరే పోయారు. ఒక ప్రశ్న అడగడం వల్ల ప్రాణాలు ఎలా నిలుస్తాయో పిల్లలకు కనపడాలి కదా.

సిక్కోలు_ట్యూటర్ · మంగళవారం రాత్రి 8:48

స్కిల్ ల్యాబ్ గురించి నేను చెబుతాను మేడం. మాది చిన్న స్కూలు. చీకట్లో మెరిసే పొడి, దానికి తగ్గ దీపం కొనమంటే డబ్బుల్లేవన్నారు. పసుపుతో చేయిస్తున్నాను, మూడేళ్లుగా.

పసుపును కొద్దిగా నీళ్లతో ముద్దలా కలపండి. పిల్లకు గౌను, మాస్కు, గాగుల్స్, గ్లౌజులు అన్నీ వేయించండి. గ్లౌజుల మీద, గౌను ముందు భాగం మీద ఆ పసుపు పూయండి. అదే పేషెంట్ వాంతి, కఫం అనుకోమనండి. ఇప్పుడు విప్పమనండి. విప్పాక "చెయ్యి శుభ్రంగా ఉందా?" అని అడిగితే అందరూ ఉందనే అంటారు. చూడ్డానికి అలాగే ఉంటుంది కూడా, పల్చటి పసుపు చామనఛాయ మీద కనపడదు కదా. అప్పుడు తడి బట్టల సబ్బుతో మణికట్టు రుద్దమనండి. దిష్టికి సున్నం వేస్తే ఎర్రనీళ్లు అయినట్టు, పసుపు అంటిన చోటల్లా ఎర్రగా తేలుతుంది. మణికట్టు లోపలి వైపు, చెవి వెనక, మెడ మీద. ఒకమ్మాయికి కనురెప్ప పక్కన తేలింది. గాగుల్స్ ముందు నుంచి పట్టుకుని తీసిందన్నమాట. ఆ ఎర్ర మరక చూసుకుని ఆ పిల్ల అద్దం ముందు చాలాసేపు నిలబడిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ గాగుల్స్ వెనక పట్టీ పట్టుకునే తీసేది.

దొంగనోట్లు చూసే చిన్న దీపం కొట్టువాళ్ల దగ్గర దొరికితే అదీ పనికొస్తుంది. చీకట్లో పసుపు దాని కింద మెరుస్తుంది. పాత యూనిఫాం వేసుకు రమ్మనండి, మరక వదలదు.

ఇన్ఫెక్షన్_కంట్రోల్_నర్స్_గుంటూరు · మంగళవారం రాత్రి 9:30

సిక్కోలు మేడం, ఇది చాలా బాగుంది. మా ఆసుపత్రిలో రేపే చేయిస్తాను. పల్నాడు మేడం, ఒక్క మనవి. వేసుకోవడం మీద ఎంత టైం పెడతారో విప్పడం మీద అంతకు రెట్టింపు పెట్టండి. వేసుకునేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. డ్యూటీ అయ్యాక చెమటతో, దాహంతో, ఎప్పుడు విప్పేద్దామా అని ఉన్నప్పుడే చెయ్యి తప్పుతుంది.

క్రమం ఇదీ. వేసుకునేటప్పుడు గౌను, మాస్కు, గాగుల్స్, చివర్లో గ్లౌజులు గౌను చేతుల మీదికి వచ్చేట్టు. విప్పేటప్పుడు అన్నిటికంటే మురికిది ముందు, అంటే గ్లౌజులు. తర్వాత గాగుల్స్ వెనక నుంచి. తర్వాత గౌను, లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ. మాస్కు మాత్రం గది బయటికి వచ్చి తలుపు మూసాకే, అదీ పట్టీలు పట్టుకుని. ఎక్కడ చెయ్యి మురికైందని అనుమానం వచ్చినా అక్కడే ఆగి శానిటైజర్ రుద్దుకోవాలి, చివర్లో ఎలాగూ తప్పదు. పక్కన ఒకరు నిలబడి ఒక్కో మెట్టూ బయటికి చదవాలి, విప్పేవాళ్లు తొందరపడితే "ఆగు" అనాలి. మా దగ్గర ఆ "ఆగు" అనే మనిషికి హోదాతో పనిలేదు. పీజీ డాక్టరును కూడా ఆపమని ఆయాకు చెప్పాం, ఆవిడ ఆపుతోంది.

గాజులు, ఉంగరాలు, వాచీ ముందే తీయించండి. పుస్తెలతాడు గౌను లోపలికి. జుట్టు ముడి టోపీలోకి. ఎన్95 వేసుకున్నాక రెండు చేతులూ మాస్కు చుట్టూ పెట్టి గట్టిగా ఊదమనండి. కళ్లద్దాలకు ఆవిరి పడితే ముక్కు దగ్గర సందు ఉన్నట్టే.

కక్కినా, ఒలికినా ముందు కాగితమో గుడ్డో కప్పి, దాని మీద 1 శాతం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) పోసి ఆగాలి. 5 శాతం సీసా ఒక పాలు, నీళ్లు నాలుగు పాళ్లు. ఈ లెక్క పిల్లల చేత నోటితో కాదు, మగ్గుతో చేయించండి. ఎంతమంది నాలుగుకు బదులు ఐదు పాళ్ల నీళ్లు పోస్తారో చూస్తారు.

జీఎన్‌ఎమ్_థర్డ్‌ఇయర్ · మంగళవారం రాత్రి 11:11

నమస్తే మేడమ్స్. నేను విద్యార్థినిని, ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు. రెండు అడగాలి.

ఒకటి. మా నాన్న గీత పని చేస్తాడు, మాకు ఈత చెట్లున్నాయి. బంగ్లాదేశ్‌లో ఈత నీరు తాగితే నిపా వచ్చిందని పుస్తకంలో ఉంది. క్లాసులో అది చదివినప్పుడు అందరూ నా వైపు చూశారు. మా ఇంట్లో ఏం చెప్పాలి?

రెండోది. పోస్టింగులో మాకు మాస్కులు లెక్కపెట్టి ఇస్తారు. ఒక్కోరోజు ఇవ్వరు. ఒకసారి ఐసోలేషన్ గదిలోకి వెళ్లి వైటల్స్ (జ్వరం, నాడి, బీపీ) తీసుకురమ్మన్నారు. మాస్కు అడిగితే "స్టూడెంట్‌వి, రెండు నిమిషాల పనికి మాస్కెందుకు" అన్నారు. నేను వెళ్లాను. వెళ్లకపోతే అటెండెన్స్ పోతుందని భయం. అలాంటప్పుడు ఏం చేయాలి మేడం?

పల్నాడు_ట్యూటర్ · బుధవారం ఉదయం 6:05

తల్లీ, రాయడానికి నీకంటే హక్కున్నవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు. నీ రెండో ప్రశ్న చదివి నేను రాత్రి మా హెచ్‌వోడీ గారికి ఫోన్ చేశాను. ఈ సంగతి నా క్లాసులోకి వస్తుంది.

ఎమ్మెస్సీ_కమ్యూనిటీ_విశాఖ · బుధవారం ఉదయం 7:30

ఈత నీరు సంగతి నేను చెబుతాను నాన్నా. బంగ్లాదేశ్‌లో చలికాలం ఈత చెట్టు గీసి రాత్రంతా కుండ కట్టి, తెల్లారే పులియక ముందే పచ్చిగా తాగుతారు. రాత్రి గబ్బిలాలు ఆ గీత దగ్గర నాకుతాయి, కుండలో ఉచ్చ, లాలాజలం పడతాయి. అక్కడ కెమెరాలు పెట్టి చూశారు కూడా. వెదురు చాపతో గీతనూ కుండనూ కప్పితే గబ్బిలం దగ్గరికి రాలేదు. చెట్టు మన ఈత చెట్టే, మాట నిజం. కానీ మన రాష్ట్రాల్లో కల్లు వల్ల నిపా వచ్చిందనడానికి ఆధారం లేదు. నాన్నగారికి చెప్పాల్సింది కుండ మూతి కప్పమని, గబ్బిలం కొరికిన పండు ముట్టవద్దని. అంతే. నీ వైపు చూసినవాళ్లతో కూడా ఇదే చెప్పు. 2018లో పేరాంబ్ర నర్సులను బస్సులో పక్కన కూర్చోనివ్వలేదు, ఆటోలు ఎక్కించుకోలేదు. జబ్బు గురించి సగం తెలిస్తే జరిగేది అదే. నర్సింగ్ క్లాసులో అది మొదలవకూడదు.

అయితే "మన దగ్గర లేదు, మనకెందుకు" అనుకోవడానికీ వీల్లేదు. పక్కనున్న తమిళనాడు, కర్ణాటక గబ్బిలాల్లో నిపా ఆనవాళ్లను పుణె సంస్థ గుర్తించింది. గబ్బిలానికి సరిహద్దు చెక్‌పోస్టు ఉండదు. మనుషులకూ అంతే, కోళికోడ్ నుంచి మన ఊళ్లకు రాత్రి రైలెక్కితే చాలు.

కరీంనగర్_పెద్దక్క · బుధవారం ఉదయం 8:10

బిడ్డా, రెండోదానికి నేను జవాబు చెప్తా. లోపలికి పోకు. కోపంగ చెప్పకు, ఏడ్వకు. "సిస్టర్, మాస్కు రాంగనే పోతా" అను, ఆడనే నిలవడు. అటెండెన్స్ పోతే పోయింది. మీ ట్యూటర్‌కు అదే నిమిషం ఫోన్ చెయ్. ముప్పై ఏండ్లు సర్వీస్ చేసిన, ఈ మాట నాకు ఇరవై ఏండ్లప్పుడు ఎవరన్న చెప్తే మంచిగుండు.

ఇన్ఫెక్షన్_కంట్రోల్_నర్స్_గుంటూరు · బుధవారం ఉదయం 8:45

పెద్దక్క మాటే నాది కూడా. దీనికి తోడు, గుమ్మం దగ్గర నీ చేతిలో ఎప్పుడూ ఉండే పని ఒకటుంది. దగ్గే పేషెంట్‌కు మాస్కు ఇచ్చి పెట్టుకోమను, నీ మాస్కూ పెట్టుకో. మీటరు దూరం నుంచే ప్రశ్నలు అడుగు. మాస్కు లేకపోతే అతని తువ్వాలైనా అడ్డం పెట్టుకోమను. ట్యూటర్లకు నా మనవి, విద్యార్థులను ఐసోలేషన్‌లోకి పంపకూడదని మీ కాలేజీ నుంచి ఆసుపత్రికి రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాట నిలబడదు.

సౌదీ_స్టాఫ్‌నర్స్ · బుధవారం మధ్యాహ్నం 1:20

మాది కడప, రియాద్‌లో పదకొండో ఏడు. 2012లో ఇక్కడ మెర్స్ అనే కరోనా జాతి ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. ఒంటెల నుంచి మనిషికి, ఆ తర్వాత ఆసుపత్రిలో మనిషి నుంచి మనిషికి. నర్సులకు చాలామందికి సోకింది. అందుకే ఇక్కడ గుమ్మం దగ్గరే ఒక కాగితం ఉంటుంది. జ్వరం, దగ్గు, ఆయాసం, ఒంటెల దగ్గరికి వెళ్లారా, మెర్స్ రోగి దగ్గర ఉన్నారా. ఒక్కోదానికి పాయింట్లు. మొత్తం ఇంత దాటితే వెంటనే మాస్కు, వేరే గది. డాక్టరు కోసం ఆగక్కర్లేదు, నర్సే చేస్తుంది. మొదట్లో నాకు విసుగొచ్చేది, కాలు విరిగి వచ్చినవాణ్ణి కూడా ఒంటె గురించి అడగాలా అని. ఇప్పుడు ఆ ప్రశ్న నా నోట్లోంచి దానంతటదే వస్తుంది. కొరియాలో 2015లో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒక్క మనిషితో మొదలై, అతనితో కలిపి 186 మందికి సోకింది, దాదాపు అందరికీ ఆసుపత్రుల్లోనే. మన పిల్లలకు కూడా ఒక చిన్న కాగితం చేసి జేబులో పెట్టివ్వండి.

పల్నాడు_ట్యూటర్ · బుధవారం రాత్రి 10:00

మీ అందరి మాటలూ కలిపి ఇలా అనుకుంటున్నాను, తప్పుంటే చెప్పండి.

థియరీ క్లాసుకు వెళ్లగానే పాఠం పేరు చెప్పను. కేస్ షీట్ జిరాక్సులు పంచుతాను, డయాగ్నసిస్ దగ్గర ప్రశ్న గుర్తు. 28 ఏళ్ల మనిషి, మూడు రోజుల జ్వరం, తలనొప్పి, వాంతులు, ఈ ఉదయం నుంచి మాట తడబడుతోంది, దగ్గు ఉంది. తోడు వచ్చింది పిన్ని. అందరూ తమ మొదటి మూడు పనులు రాయాలి. పిన్నిని ఏమడుగుతారో కూడా రాయాలి. సరైన ప్రశ్న అడిగినవాళ్లకే నేను జవాబిస్తాను. వాళ్ల అన్న పదిరోజుల కిందట ఇలాగే జ్వరంతో వేరే ఆసుపత్రిలో పోయాడని, ఈయనే దగ్గరుండి చూసుకున్నాడని. అడగనివాళ్లకు ఆ సంగతి తెలియకుండానే కేసు ముగుస్తుంది.

ఆ తర్వాతే నిపా పేరు, వరండా బొమ్మ, సిలిగురి, లినీ. మలేషియా పందులు రెండు నిమిషాలు. మర్నాడు పసుపు. జేబు కాగితం మీద నాలుగే ప్రశ్నలు. ఎక్కణ్ణుంచి వచ్చారు? ఇంట్లో, పక్కింట్లో ఇంకెవరికైనా ఉందా? ఈ మధ్య ఎవరైనా ఇలాగే పోయారా? జంతువులు, కొరికిన పండ్లు, వేరే ఆసుపత్రి, వీటిలో దేని దగ్గరికైనా వెళ్లారా?

వైస్‌ప్రిన్సిపల్_గోదావరి · బుధవారం రాత్రి 10:40

ఇది బాగుంది. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కటి చేర్చండి. "మూడు వారాల్లోపు" అని కాలం చెప్పి అడిగించండి, లేకపోతే పోయినేడు పోయినవాళ్ల సంగతి చెబుతారు. మామూలుగా 4 నుంచి 14 రోజులే అయినా 45 రోజుల దాకా పట్టిన కేసులు ఉన్నాయి కాబట్టి మరీ బిగించొద్దు. మందూ టీకా లేవని చెప్పేటప్పుడు, సెలైన్, ఆక్సిజన్, ఫిట్స్ ఆపడం, వెంటిలేటర్ దగ్గర నర్సు కాపలా, వీటితోనే బతికినవాళ్లు బతికారని కూడా చెప్పండి. "మందు లేదు" దగ్గర ఆపితే పిల్లలు చేతులెత్తేస్తారు.

పల్నాడు_ట్యూటర్ · తర్వాతి గురువారం రాత్రి 8:20

క్లాసు, ల్యాబు అయ్యాయి. ఎలా జరిగిందో చెప్పాలనిపించింది.

కేస్ షీట్ల మీద 38 మందిలో 31 మంది మొదటి పని "వైటల్స్ చెక్" అని రాశారు. మాస్కు అన్నవాళ్లు ఐదుగురు. పిన్నిని ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగింది ఇద్దరే. అన్న పోయిన సంగతి ఆ ఇద్దరికే చెప్పి, మిగతావాళ్లను మీ పేషెంట్‌ను ఏ వార్డులో చేర్చారని అడిగాను. జనరల్ వార్డు అన్నారు. బోర్డు మీద జనరల్ వార్డు గీసి, ఆ మంచానికి చుట్టూ ఎవరెవరున్నారో వాళ్ల చేతే రాయించాను. మూడు బెడ్లు, ఆరుగురు అటెండెంట్లు, ఒక ఆయా, వాళ్లు. అప్పుడు సిలిగురి లెక్క చెప్పాను.

లినీ గురించి చెప్పేటప్పుడు నా గొంతే నిలబడలేదు. ఒకమ్మాయి లేచి, "మేడం, ఆమె చేసిన తప్పేంటి?" అని అడిగింది. తప్పేం లేదమ్మా అన్నాను. "మరి మేమేం నేర్చుకోవాలి?" అంది. వెంటనే కాగితాలు పంచి, ఇద్దరిద్దరిని గుమ్మం దగ్గర నిలబెట్టి పేషెంటు, నర్సు ఆట మొదలుపెట్టించాను. గంట కొట్టినా ఆపలేదు వాళ్లు.

పసుపు సంగతి. సిక్కోలు మేడం, మీకు చేతులెత్తి దండం. అందరికంటే చకచకా విప్పింది మా క్లాసు ఫస్ట్ పిల్ల. సబ్బు రాస్తే గాజులు తీసిన మణికట్టు చుట్టూ ఎర్రగా ఒక కడియంలా తేలింది. ఎవరూ నవ్వలేదు. మళ్లీ గౌను వేసుకుని, పక్కపిల్లను పిలిచి "నువ్వు చదువు, నేను తప్పితే ఆగు అను" అంది. మూడోసారికి మరక రాలేదు.

నిరుడు మాస్కు గడ్డం కిందికి లాక్కున్న అమ్మాయి ఇప్పుడు థర్డ్ ఇయర్. ఆమెను పిలిపించి ఈ ల్యాబులో "ఆగు" అనే మనిషిగా నిలబెట్టాను. ఎందుకు పిలిచానో ఆమెకు తెలుసు. ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్కరినీ వదల్లేదు.

విద్యార్థులను ఐసోలేషన్‌కు పంపవద్దన్న ఉత్తరం మా ప్రిన్సిపల్ గారు సంతకం చేశారు. రేపు ఆసుపత్రికి వెళుతుంది.

జీఎన్‌ఎమ్_థర్డ్‌ఇయర్ · గురువారం రాత్రి 9:02

మేడం, ఆ ఉత్తరం ఎలా రాశారో పెడతారా? పేర్లు తీసేసి. మా మేడంకి చూపిస్తాను.

పల్నాడు_ట్యూటర్ · గురువారం రాత్రి 9:10

రేపు సాయంత్రం పెడతాను తల్లీ. నాలుగు ప్రశ్నల కాగితం కూడా.

ఇన్ఫెక్షన్_కంట్రోల్_నర్స్_గుంటూరు · గురువారం రాత్రి 9:25

నేనూ పసుపు చేయించాను. మా దగ్గర మొదట ఒంటి సబ్బుతో రుద్దితే ఎరుపు రాలేదు, అంతా బాగా విప్పేశారనుకున్నాం. బట్టల సబ్బు తెప్పించి రుద్దితే తొమ్మిది మందికి తేలింది. చేసేవాళ్లు సబ్బును ముందే కాస్త పసుపు మీద రుద్ది చూసుకోండి.